ఒక్క తుపాకీ దెబ్బ – ఎన్ని ప్రాణాలు?

చలికాలం వస్తుందంటే నేలపట్టు చెరువుకు పక్షులు వస్తాయి. నేలపట్టు దొరవారిసత్రం మండలంలో ఉంది. సూళ్లూరుపేటకు, పులికాట్ సరస్సుకు దగ్గర. నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022లో తిరుపతి జిల్లాలో చేరింది.

ఆ చెరువు నీళ్లలో కడప చెట్లు ఉన్నాయి. వాటి మీద గూడబాతులు గూళ్లు కడతాయి. గూడబాతు ముక్కు కింద పెద్ద సంచి ఉంటుంది. ఆ సంచితోనే చేపలు పడుతుంది. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కూడా ఇక్కడే పిల్లలను పెంచుకుంటాయి.

ఇలాంటి పక్షులను కాల్చడం కొందరికి సరదా. ఆకలికి వేటాడడం వేరు. పొద్దుపోక వేటాడడం వేరు. తెల్లదొరలూ, రాజులూ పందెం వేసుకున్నట్టు వేటాడేవారు. 1938 నవంబరులో ఉత్తరాదిన భరత్‌పూర్‌లో వైస్రాయి లిన్‌లిత్‌గో దొర కోసం పెద్ద వేట పెట్టారు. ఒక్క రోజులో 4,273 పక్షులను కాల్చారు. ఆ లెక్కను రాతి మీద చెక్కించారు కూడా! అన్ని పక్షులు ఎవరి ఆకలి తీర్చడానికి? గొప్ప చెప్పుకోవడానికే.

కాల్చిన పక్షి వెంటనే చస్తుందా? అన్నీ చావవు. పిట్టలను కాల్చే తూటాలో చిన్న చిన్న సీసం గుండ్లు ఉంటాయి. పేలగానే అవి చెదిరిపోతాయి. కొన్ని పక్షులు అక్కడే పడతాయి. కొన్నిటికి రెక్కలోనో, కడుపులోనో గుండు దిగుతుంది. అవి ఎలాగో ఎగిరిపోతాయి. గురి తప్పిందని వేటగాడు అనుకుంటాడు. కానీ ఆ పక్షి ఏ తుంగలోనో పడి, మేత తినలేక, నొప్పితో రోజుల తరబడి తీసుకొని చస్తుంది.

నీళ్లలో పడ్డ గుండ్లు కూడా ఊరుకోవు. నీటి పక్షులు మేత అరగడానికి ఇసుక, చిన్న రాళ్లు మింగుతాయి. వాటితోపాటు సీసం గుండ్లనూ మింగుతాయి. సీసం విషం. అలా మరికొన్ని చస్తాయి.

మరి గూట్లో పిల్లల మాటేమిటి? గూడబాతు గూట్లో గుడ్లు పెడుతుంది. తల్లీ తండ్రీ వంతులవారీగా దాదాపు నెల రోజులు పొదుగుతాయి. పిల్లలు ఎగిరేదాకా రెండూ మేత తెచ్చి పెట్టాలి. ఒకటి చచ్చిపోతే పిల్లలకు మేత చాలదు. తుపాకీ శబ్దానికి మిగతా పక్షులు కూడా బెదిరి లేచిపోతాయి. అప్పుడు గుడ్లు ఎండకు చెడతాయి. కాకులు ఎత్తుకుపోతాయి.

నేలపట్టు రైతులు ఈ పక్షుల విలువ ఎరిగినవాళ్లు. పక్షుల రెట్ట చెరువు నీళ్లలో కలుస్తుంది. ఆ నీళ్లు కయ్యలకు పారితే పైరుకు బలం అంటారు. అందుకే పక్షుల జోలికి ఎవరినీ రానివ్వలేదు. 1976లో ప్రభుత్వం ఈ చెరువును పక్షుల రక్షణ కేంద్రం చేసింది. అంత వేట జరిగిన భరత్‌పూర్ కూడా 1982లో జాతీయ పార్కు అయింది.

అడవి జంతువుల, పక్షుల రక్షణకు 1972లో చట్టం వచ్చింది. మొదట్లో కొన్నిటిని వేటాడడానికి లైసెన్సు ఇచ్చేవారు. 1991లో దాన్నీ తీసేశారు. రక్షణ కేంద్రంలో వేటాడితే కనీసం 3 ఏళ్లు, 7 ఏళ్ల దాకా జైలు. జరిమానా కూడా కట్టాలి. 2022లో చట్టాన్ని మార్చి, ఆ జరిమానా 25 వేల రూపాయలకు తగ్గకూడదన్నారు.

అయినా చాటుమాటుగా వేట సాగుతూనే ఉంది. ప్రతి చెరువు మీదా పోలీసు ఉండడు. ఊరే కాపలా కాయాలి. వలలు, ఉచ్చులు కనిపిస్తే, తుపాకీ శబ్దం వినిపిస్తే అటవీశాఖ వాళ్లకు చెప్పాలి. కొంగ మాంసం అమ్మకానికి వస్తే కొనకూడదు. కొనేవాడు లేకపోతే అమ్మేవాడూ ఉండడు.

తుపాకీ పేల్చినవాడికి అది ఒక పూట సరదా. పక్షికి అదే ప్రాణం. గూట్లో నోరు తెరుచుకొని చూసే పిల్లలకు అదే తిండి. మీ ఊరి చెరువుకు ఏ పక్షులు వస్తాయి? వాటికి కాపలా ఎవరు?