ఇంట్లోనే బొర్రా గుహ!

విశాఖ నుంచి కిరండోల్ బండిలో అరకు బయలుదేరిన కుర్రకారు బొర్రా గుహలు చూడకుండా తిరిగి రావడం అరుదు. చూసొచ్చేటప్పుడు ఏదో ఒక గుర్తు తెచ్చుకోవాలన్న సరదా మరీ సహజం. ఈమధ్య నేను వెళ్ళినప్పుడు, నా ముందు నడుస్తున్న ఒక కాలేజీ కుర్రాడు వేలెడంత రాతి కొనను పుటుక్కున విరిచి జేబులో వేసుకున్నాడు. గైడు కేక వేశాడు గానీ, అప్పటికే పని అయిపోయింది. షోకేసులో పెట్టుకుంటాడట!

అసలా కొన ఎలా పుడుతుందో తెలుసా? వాననీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని కొండలోకి ఇంకుతూ సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. గుహ కప్పుకు బొట్టు వేలాడినప్పుడు ఆ వాయువు ఎగిరిపోయి, రాతి పదార్థం అక్కడే పేరుకుంటుంది. ఇలాంటి కొన ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు పెరిగితే గొప్ప. పది సెంటీమీటర్ల ముక్కంటే సుమారు వెయ్యేళ్ళ పంటన్నమాట!

షోకేసులో గుహ ఉండాల్సిందే అంటారా? మన సినిమావాళ్ళ దారి పట్టండి. 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) చిత్రాలకు గోఖలే, కళాధర్ గార్లు సృష్టించిన లోకాలను చూసి మనం నోళ్ళు వెళ్ళబెట్టలేదూ? మద్రాసు స్టూడియోల్లో కొండరాళ్ళు, కోటగోడలు అంటే కర్ర చట్రం, గోనెపట్ట, ప్లాస్టర్ ఆఫ్ పారిసే కదా!

ఇసుక, గవ్వలకు భీమిలి వెళ్ళండి. 'మరోచరిత్ర' (1978) చూసినవారికి ఆ తీరం కొత్త కాదు. తమాషా ఏమిటంటే, బొర్రా గుహల గుండా పారే గోస్తనీ నది చివరికి సముద్రంలో కలిసేది ఆ భీమిలి దగ్గరే! గవ్వ పెంకులో ఉన్నదీ, గుహ కొనలో ఉన్నదీ ఒకటే పదార్థం, కాల్షియం కార్బొనేటు. మన పెద్దలు గుల్లసున్నం కాల్చింది ఈ పెంకులతోనే. అలలు ఒడ్డుకు విసిరిన ఖాళీ పెంకులే ఏరండి. లోపల ప్రాణి కదులుతుంటే నీళ్ళలోనే వదిలెయ్యండి. దుకాణాల్లో నిగనిగలాడే పెద్ద గుల్లల జోలికి పోకండి. నాటిలస్ వంటి కొన్నింటిని 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి తెచ్చారు.

ఇసుకను మంచినీళ్ళతో రెండుమూడుసార్లు కడిగి ఆరబెట్టండి. లేకపోతే తర్వాత ఉప్పు తెల్లగా పొంగుతుంది. ఒక చెక్కపలక మీద పాత పేపర్లను ఉండలు చుట్టి గుహ ఆకారంలో పేర్చండి. గ్లాసు నీళ్ళలో రెండు గ్లాసుల ప్లాస్టర్ పొడిని చల్లుతూ కలపండి. పొడిలో నీళ్ళు పోశారో, ఉండలు కడుతుంది! గోనె ముక్కలను అందులో ముంచి పేపర్ల మీద కప్పండి. తడి ఆరకముందే ఇసుక చల్లి, గవ్వలు అద్దాలి. పది నిమిషాల్లో బిగుసుకుంటుంది కాబట్టి కొంచెం కొంచెమే కలుపుకోండి. బిగిసినదానికి మళ్ళీ నీళ్ళు పోస్తే లాభం లేదు.

మరి వేలాడే కొనలు? నూలు దారాలను పల్చటి ప్లాస్టర్‌లో ముంచి ఆరనివ్వండి. మళ్ళీ ముంచండి, మళ్ళీ ఆరనివ్వండి. ఒక్కో పూతకు కాస్త లావెక్కి, పది పూతల్లో అచ్చం బొర్రా కొనే! వాటిని గుహ కప్పుకు అతికించండి. ఒక్క హెచ్చరిక సుమండీ: చేతిని ప్లాస్టర్ ముద్దలో ఉంచేసి అచ్చు తియ్యాలని సరదా పడకండి. బిగుసుకునేటప్పుడు అది వేడెక్కి చర్మాన్ని కాల్చేస్తుంది. మిగిలిన ముద్దను సింకులో పారబొయ్యకండి, గొట్టం మూసుకుపోతుంది.

రంగు కోసం దుకాణానికి పోనక్కర్లేదు. అరకు గూడేల్లో ఆడవాళ్ళు గోడలకు అలికే ఎర్రమట్టి చూశారు కదా? అలాంటి మట్టినే పల్చగా కలిపి, గుడ్డలో వడగట్టి, కాస్త జిగురు చేర్చి కుంచెతో పులమండి. గుహ వెనకాల చిన్న బల్బు పెట్టి ముందు ఆకుపచ్చ జిలుగు కాగితం కట్టండి. బొర్రాలోనూ రంగు దీపాలేగా వెలిగించేది!