అడుగున బిగిసే పాలిష్ పొడి

గాజు కటకానికి చివరి మెరుపు తెచ్చేది నీళ్లలో కలిపిన సీరియం ఆక్సైడ్ పొడి. అది నీటికంటే ఏడు రెట్లు బరువు. రేణువు సైజు సగమైతే దిగే వేగం నాలుగో వంతుకు తగ్గుతుంది గానీ, దిగడం ఆగదు.

దిగితే ముప్పు లేదు, బిగుసుకుంటేనే. బియ్యప్పిండి నీళ్లు రాత్రంతా కదపకపోతే అడుగున ఏమవుతుందో ప్రతి ఇంట్లో చూసిందే. మర్నాడు అలాంటి పెళ్ల ఒక్కటి కటకం కిందికి వెళ్లినా గీత పడుతుంది. గంటల శ్రమ మళ్లీ మొదటికొస్తుంది.

సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ కలిపితే రేణువులు విడివడి నెమ్మదిగా దిగుతాయి. చిత్రమేమిటంటే, అలా దిగినవే మరీ దగ్గరగా పేరుకుని గట్టిపడతాయి. అందుకే ఇసుక లేని బెంటోనైట్ మట్టి కొద్దిగా కలుపుతారు. అది నీటిలో వలలా అల్లుకుని రేణువులను పట్టి ఉంచుతుంది. అడుగుకు చేరినా మెత్తగా ఉండి, కలిపితే లేస్తుంది. ఏది కలిపినా, పని ముగిశాక పంపు, గొట్టాలు కడగక తప్పదు.