అంకె చూడాలి, ముఖమూ చూడాలి

యెరూషలేము నుండి యెరికోకు దిగే దారిలో దొంగల దెబ్బలకు కొనప్రాణంతో పడివున్న మనిషిని ముగ్గురు చూశారు. యాజకుడు చూశాడు, లేవీయుడు చూశాడు, సమరయుడూ చూశాడు. మొదటి ఇద్దరూ పక్కగా వెళ్లిపోయారు. సమరయుడు మాత్రం జాలిపడి దగ్గరికి వచ్చాడు. అయితే జాలితోనే ఆగిపోలేదు. నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు. ఆ కాలానికి తెలిసిన వైద్యం అదే. లూకా సువార్త పదో అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఈ ఉపమానంలో కనికరం, నైపుణ్యం ఒకే మనిషి చేతుల్లో కలిశాయి. నర్సింగ్ చదువు అంటే ఆ రెండింటినీ కలిపి నేర్పడమే.

ఈ చదువుకు పరికరాలు కొత్త కాదు. 1911లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సింగ్ స్కూలు కోసం, బొమ్మలు చేసే మార్తా చేజ్ ఒక నిలువెత్తు బొమ్మను తయారుచేసింది. 'మిసెస్ చేజ్' అని పేరుపడ్డ ఆ బొమ్మ మీద విద్యార్థినులు రోగిని పక్కకు తిప్పడం, బట్టలు మార్చడం నేర్చుకున్నారు. 1960లో నార్వే బొమ్మల తయారీదారు ఆస్ముండ్ లేర్డాల్ నోటితో ఊపిరి పోయడం నేర్పే బొమ్మను తెచ్చాడు. ఇప్పటి బొమ్మలకు నాడి ఆడుతుంది, ఛాతీ లేచి పడుతుంది. కంప్యూటర్ ముందు కూర్చున్న టీచరు క్షణంలో ఆ 'రోగి'ని ప్రాణాపాయంలోకి నెట్టి చూపగలరు. భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో ప్రకటించిన బి.ఎస్సీ. నర్సింగ్ కొత్త పాఠ్యప్రణాళికలో ఇలాంటి సిమ్యులేషన్ శిక్షణకూ, ఆరోగ్య సమాచార సాంకేతికతకూ చోటిచ్చింది. ఇది మేలైన మార్పు. మొదటి పొరపాటు బొమ్మ మీద జరగాలి గాని, ఒక తల్లి కన్నబిడ్డ మీద కాదు గదా!

కాని యంత్రాన్ని వాడడం నేర్పితే చాలదు, అది ఎక్కడ పొరబడుతుందో కూడా నేర్పాలి. కొవిడ్ రోజుల్లో ఎన్నో ఇళ్లకు పరిచయమైన పల్స్ ఆక్సీమీటరునే తీసుకుందాం. అది వేలి గుండా ఎర్రని కాంతిని, కంటికి కనబడని పరారుణ కాంతిని పంపి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో లెక్కగడుతుంది. వేళ్లు చల్లబడినా, గోళ్లకు రంగున్నా ఆ లెక్క తప్పవచ్చు. చర్మపు రంగును బట్టి కూడా తప్పవచ్చు. 2020 డిసెంబరులో అమెరికాలోని మిషిగన్ వైద్యులు ప్రచురించిన పరిశీలనే అందుకు సాక్ష్యం. ఆ పరికరం 92 నుంచి 96 శాతం చూపిన సమయాల్లో రక్తపరీక్ష చేస్తే, నల్లజాతి రోగుల పరీక్షల్లో 11.7 శాతంలో అసలు ఆక్సిజన్ 88 శాతం కన్నా తక్కువని తేలింది. తెల్లవారిలో అలా తేలినవి 3.6 శాతమే. అంకె బాగానే ఉంది, మనిషికే ఊపిరి అందడం లేదు. నల్లని ఛాయవారు ఎందరో ఉన్న మన ఊళ్లకు ఇది పరాయి దేశపు వార్త కాదు.

అందుకే తరగతిలో ఇలాంటి పాఠం ఒకటి పెట్టాలి. మానిటరు మీద 95 కనిపించాలి, బొమ్మ మాత్రం నిమిషానికి 34 సార్లు ఊపిరి తీయాలి. ఒక విద్యార్థిని అంకె చూసి, చార్టులో రాసి వెళ్లిపోతుంది. మరొకామె పూర్తి నిమిషం ఊపిరి లెక్కపెట్టి, పెదవులూ నాలుకా చూసి డాక్టరును పిలుస్తుంది. తర్వాత ఇద్దరినీ కూర్చోబెట్టి, ఎందుకలా చేశారో టీచరు మాట్లాడించాలి. అసలు పాఠం ఆ మాటల్లోనే ఉంది.

మన సంఘాలకూ ఇందులో బాధ్యత ఉంది. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచిన కాలం నుంచి నేటివరకు తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఎందరో ఆడపిల్లలను ఈ సేవకు పంపాయి. అప్పుచేసి చదివించే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. అమ్మాయిని చేర్చేముందు ల్యాబు చూడండి. బొమ్మ ఉందా అని అడగడంతో సరిపెట్టక, పిల్లలు దానిమీద వారానికి ఎన్ని గంటలు పనిచేస్తారో అడగండి. తనిఖీ రోజున మాత్రమే ముసుగు తీసే బొమ్మ ఎవరికీ ఏమీ నేర్పదు. మిషన్ ఆసుపత్రుల పాలకవర్గాల్లోని పెద్దలు ప్రహరీగోడకూ ఆర్చికీ ముందు ఈ ల్యాబుకూ, టీచర్ల శిక్షణకూ సొమ్ము కేటాయించాలి.

కుష్ఠరోగిని బాగుచేయడానికి ప్రభువుకు మాట ఒక్కటి చాలు. అయినా ఆయన చెయ్యి చాపి ముట్టాడు. ఎంత మంచి యంత్రం వచ్చినా నర్సు చేతికి ఆ పని మిగిలే ఉంటుంది. అంకెను చదివి, ముఖం చూసి, చెయ్యి పట్టుకునే నర్సులు మన కాలేజీల నుంచి రావాలని ప్రార్థిద్దాం. అందుకయ్యే ఖర్చునూ భరిద్దాం.