రాత్రివేట దృష్టి పరికరాలు

రాత్రివేట దృష్టి పరికరాలు అనగా చీకటిలో జంతువులను వెదకడానికి, గుర్తించడానికి, గురిపెట్టడానికి ఉపయోగపడే దృశ్య సాధనాలు. వీటిలో ప్రధానమైనవి రెండు రకాలు. ఉన్న కొద్దిపాటి వెలుతురును పెంచి చూపేవి నైట్ విజన్ పరికరాలు. వస్తువులు వెలువరించే వేడిని బొమ్మగా మార్చి చూపేవి థర్మల్ పరికరాలు. మొదట సైన్యాల కొరకు తయారైన ఈ సాధనాలు క్రమంగా రైతుల చేతికి, వేటగాళ్ళ చేతికి వచ్చాయి. పంటలను, పశువులను నష్టపరచే జంతువులను అదుపు చేయడానికి అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, బ్రిటన్ దేశాలలో వీటిని వాడుతున్నారు. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో జరిగే అడవిపందుల వేట ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా అక్కడి పరిస్థితులకు సంబంధించినవి.

టెక్సస్ అడవిపందులు

పంది అమెరికా ఖండపు సహజ జంతువు కాదు. 16వ శతాబ్దంలో స్పెయిన్ దేశీయులు పెంపుడు పందులను అక్కడికి తీసుకువెళ్ళారు. తప్పించుకున్న పెంపుడు పందులూ, తరువాతి కాలంలో వేట కొరకు తెచ్చి వదిలిన యూరప్ అడవిపందులూ కలిసిపోయి నేటి సంతతి ఏర్పడింది. ఒక్క టెక్సస్‌లోనే వీటి సంఖ్య 20 లక్షలకు పైగా ఉంటుందని అంచనా. ఇవి ముట్టెతో నేలను పెళ్ళగించి మొక్కజొన్న, వేరుశనగ, జొన్న, వరి చేలను నాశనం చేస్తాయి. పగటిపూట వేటాడేకొద్దీ ఇవి తమ సంచారాన్ని రాత్రివేళకు మార్చుకుంటాయి. అందువలన రాత్రివేట అవసరమైంది. 2011లో హెలికాప్టర్ నుండి పందులను కాల్చడానికి అనుమతినిస్తూ టెక్సస్‌లో చట్టం వచ్చింది. 2019 సెప్టెంబరు 1 నుండి భూయజమాని అనుమతి ఉంటే ప్రైవేటు భూమిలో వేట లైసెన్సు లేకుండానే అడవిపందులను వేటాడవచ్చును.

అయితే తుపాకితో మాత్రమే పందుల సంఖ్య తగ్గదు. ఒకటి రెండింటిని కాల్చగానే మిగిలిన మంద చెదిరి మరొక చేనికి చేరుతుంది. మందను మొత్తంగా పట్టే పెద్ద బోనులే ఎక్కువ ఫలితమిస్తాయని వన్యప్రాణి నిపుణులు చెబుతారు. ఈ కారణంగానే మిస్సోరీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ 2016లో తన ఆధీనంలోని భూములలో పందుల వేటను నిషేధించింది.

వెలుతురును పెంచే పరికరాలు

నక్షత్రాల కాంతి, వెన్నెల ముందు కటకం ద్వారా ఒక గాజు గొట్టంలోని కాంతి గ్రాహక ఫలకంపై పడతాయి. అక్కడ వెలువడిన ఎలక్ట్రానులు లక్షలాది సూక్ష్మ రంధ్రాలున్న పలుచని పళ్ళెం గుండా పోతూ అనేక రెట్లు పెరుగుతాయి. తరువాత అవి ఫాస్ఫరు తెరను తాకి బొమ్మను ఏర్పరుస్తాయి. నైట్ విజన్ అనగానే గుర్తుకువచ్చే ఆకుపచ్చ రంగు ఈ ఫాస్ఫరుదే. తెల్లని బొమ్మనిచ్చే ఫాస్ఫరు కూడా ఇప్పుడు లభిస్తున్నది.

రెండవ ప్రపంచ యుద్ధం చివరిలో జర్మనీ, అమెరికా సైన్యాలు తుపాకికి పరారుణ దీపాన్ని అమర్చి వాడాయి. దీపం అవసరం లేని మొదటి తరం గొట్టాలు 1960లలో వియత్నాం యుద్ధంలో ఉపయోగపడ్డాయి. సూక్ష్మ రంధ్రాల పళ్ళెం రెండవ తరంతో, గాలియం ఆర్సెనైడ్ ఫలకం మూడవ తరంతో వచ్చాయి. పగటి వెలుగు ఈ గొట్టాలను పాడుచేస్తుంది కనుక వీటిని జాగ్రత్తగా వాడాలి.

వేటలో ఇప్పుడు ఎక్కువగా కనబడేవి డిజిటల్ నైట్ విజన్ పరికరాలు. ఇవి దాదాపు వీడియో కెమెరా వంటివే. సమీప పరారుణ కాంతిని గ్రహించగల సెన్సరుతో పాటు వీటికి ఒక పరారుణ దీపం ఉంటుంది. 850 నానోమీటర్ల దీపం ఎక్కువ దూరం చూపుతుంది, కానీ దీపాన్ని సూటిగా చూస్తే మసక ఎరుపు కనిపిస్తుంది. 940 నానోమీటర్ల దీపం కంటికి కనిపించదు. అయితే సెన్సరు దానిని తక్కువగా గ్రహిస్తుంది కనుక దూరం తగ్గుతుంది. దీపం ముందు గడ్డి, పొగమంచు, దుమ్ము ఉంటే కాంతి వెనుకకు మళ్ళి బొమ్మ తెల్లబడిపోతుంది. ధర కొన్ని వందల డాలర్ల నుండి మొదలవుతుంది.

వేడిని చూసే పరికరాలు

ప్రతి వస్తువూ తన ఉష్ణోగ్రతను బట్టి పరారుణ కిరణాలను వెలువరిస్తుంది. సుమారు 37 డిగ్రీల సెల్సియస్ ఉన్న శరీరం నుండి వచ్చే కిరణాలు 9 నుండి 10 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద అధికంగా ఉంటాయి. థర్మల్ పరికరం 8 నుండి 14 మైక్రోమీటర్ల మధ్య కిరణాలను గ్రహిస్తుంది. వీటికి వెలుతురుతో పని లేదు. అమావాస్య రాత్రి అయినా, పట్టపగలైనా ఒకటే. మామూలు గాజు ఈ కిరణాలను పోనివ్వదు. అందుచేత వీటి కటకాలను జెర్మేనియంతో చేస్తారు. ధర ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణం. కారు అద్దం వెనుక కూర్చుని థర్మల్ పరికరంతో చేనును చూడటం సాధ్యం కాకపోవడానికి కూడా గాజు గుణమే కారణం.

1800లో విలియం హెర్షెల్ పరారుణ కిరణాలను కనుగొన్నాడు. శామ్యూల్ లాంగ్లీ 1878లో రూపొందించిన బోలోమీటరు పావుమైలు దూరంలోని ఆవు శరీరపు వేడిని కూడా పసిగట్టగలిగేదని చెబుతారు. నేటి పరికరాలలోని సెన్సరు వేలాది సూక్ష్మ బోలోమీటర్ల అమరికయే. వేడి తాకినప్పుడు వాటి విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పులే తెరపై బొమ్మ అవుతాయి.

చల్లని పొలంలో పంది శరీరం కాగడాలాగా కనిపిస్తుంది. కానీ టెక్సస్ వేసవిలో ఎండకు కాగిన రాళ్ళు, నేల చాలాసేపు వేడిగానే ఉంటాయి. నేల ఉష్ణోగ్రత, జంతువు చర్మపు ఉష్ణోగ్రత దగ్గరగా ఉన్న వేళలో బొమ్మ పలుచబడుతుంది. వాన, దట్టమైన పొగమంచు కూడా కిరణాలను అడ్డుకుంటాయి. సెన్సరు గుర్తించగల అతి చిన్న ఉష్ణోగ్రతా భేదాన్ని మిల్లీకెల్విన్లలో చెబుతారు. ఈ సంఖ్య ఎంత తక్కువైతే ఇటువంటి రాత్రులలో అంత మేలు.

కనబడటం వేరు, గుర్తుపట్టడం వేరు

పరికరాన్ని ఎన్నుకోవడంలో అతి ముఖ్యమైన విషయం ఇదే. ప్రకటనలలో పెద్ద అక్షరాలతో వేసే దూరం సాధారణంగా "ఏదో ఉన్నది" అని తెలిసే దూరం మాత్రమే. అది పందియా, దూడయా, మనిషియా అన్నది తెలిసే దూరం అందులో ఒక చిన్న భాగం.

ఈ భేదాన్ని 1958లో అమెరికా సైన్యపు పరిశోధకుడు జాన్ జాన్సన్ లెక్కలలో పెట్టాడు. అతని ప్రమాణాల ప్రకారం, ఒక వస్తువు ఉన్నదని తెలియడానికి దాని కొలతపై సుమారు 2 పిక్సెళ్ళు, ఏ తరగతి వస్తువో తెలియడానికి 8, కచ్చితంగా ఏదో గుర్తించడానికి సుమారు 13 పిక్సెళ్ళు పడాలి. ఇవి కూడా సగం సార్లు మాత్రమే సరిగా చెప్పగల స్థాయిని సూచిస్తాయి.

ఉదాహరణకు 35 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల కటకం, 12 మైక్రోమీటర్ల పిక్సెల్ ఉన్న థర్మల్ పరికరాన్ని తీసుకుందాము. 100 మీటర్ల దూరంలో ఒక పిక్సెల్ సుమారు 3.4 సెంటీమీటర్లను చూపుతుంది. 70 సెంటీమీటర్ల ఎత్తున్న పంది ఈ లెక్కన దాదాపు 1,000 మీటర్ల దూరంలో చుక్కలాగా కనబడుతుంది. అది నాలుగు కాళ్ళ జంతువని తెలియడానికి 250 మీటర్ల లోపు ఉండాలి. పంది అని కచ్చితంగా చెప్పడానికి దాదాపు 160 మీటర్ల లోపు ఉండాలి. గడ్డి, తేమ, వేటగాడి అలసట ఈ లెక్కలో లేవు కనుక నిజమైన దూరం ఇంకా తక్కువే. 1,000 మీటర్లు అని అచ్చువేసిన పరికరాన్ని 100 మీటర్ల పరికరంగా భావించడం క్షేమకరం.

మరొక అపోహ పిక్సెళ్ళ సంఖ్యను గురించినది. 384×288 సెన్సరు కంటే 640×512 సెన్సరు దూరం చూపుతుందని చాలామంది అనుకుంటారు. కటకం, పిక్సెల్ పరిమాణం ఒకటే అయితే రెండింటిలోనూ పంది మీద పడే పిక్సెళ్ళు సమానమే. పెద్ద సెన్సరు చూపేది ఎక్కువ వెడల్పు. పై కటకంతో 100 మీటర్ల వద్ద మొదటిది 13 మీటర్లు, రెండవది 22 మీటర్ల వెడల్పు చూపుతాయి. కదిలే మందను అనుసరించడానికి ఈ వెడల్పు ఎంతో ఉపయోగం. దూరం కావాలంటే మాత్రం కటకం పెద్దదవాలి.

గుర్తుపట్టడంలో పొరపాటు ప్రాణాంతకం. న్యూజీలాండ్‌లో 2010లో రాత్రివేటకు వచ్చిన ఒక వ్యక్తి, శిబిరంలో ఉన్న ఒకరి తలదీపపు వెలుగును జింక కన్నుల మెరుపనుకొని కాల్చగా వారు మరణించారు. అది మామూలు దీపంతో జరిగిన వేట. థర్మల్ పరికరంతో ఆ పొరపాటు జరగకపోవచ్చును గాని, దానికి దాని పొరపాట్లున్నాయి. వేడి బొమ్మలో రంగు, మచ్చలు, మెడపట్టీ కనబడవు. పొడవైన గడ్డిలో వంగిన మనిషి, కుక్క, దూడ, పంది అన్నీ తెల్లని ముద్దలే. పరిసరాలతో సమానమైన వేడి గల కంచె తీగలు దాదాపు మాయమవుతాయి. జంతువు వెనుక ఇల్లున్నదో, రోడ్డున్నదో కూడా సరిగా తెలియదు.

నైట్ విజన్‌లో ఈ వివరాలు బాగా కనిపిస్తాయి. పైగా ఆవు, జింక, కుక్క కన్నుల వెనుక కాంతిని ప్రతిఫలించే పొర ఉన్నందున పరారుణ దీపానికి అవి మెరుస్తాయి. పందికి ఆ పొర లేదు. అయితే తల తిప్పుకున్న దూడ కన్ను కూడా మెరవదు కనుక దీనిని సహాయక గుర్తుగానే తీసుకోవాలి.

ఎంపిక

పొలం విశాలమై, మంద ఎక్కడున్నదో తెలియనప్పుడు వెదకడానికి థర్మల్‌కు సాటి లేదు. మేత పెట్టిన చోట, బోను దగ్గర, 100 మీటర్ల లోపు కాచుకునేవారికి డిజిటల్ నైట్ విజన్ సరిపోతుంది. చుట్టుపక్కల పశువులు మేసే చోట అదే మేలు కూడా. ధనం అనుమతిస్తే చేతితో పట్టుకునే థర్మల్ దుర్భిణితో వెదకి, తుపాకిపై ఉన్న నైట్ విజన్‌తో గుర్తించి గురిపెట్టడం ఉత్తమ పద్ధతి.

ఒకే పరికరం కొనదలచినవారు దానిని తుపాకిపై బిగించే రకంగా తీసుకోవడం తరచుగా జరుగుతుంది. అప్పుడు వెదకడానికి కూడా తుపాకినే నలుదిక్కులా తిప్పవలసి వస్తుంది. అనగా గుర్తించకముందే ప్రతి వస్తువు వైపూ గొట్టం ఎక్కుపెట్టినట్లే. కనుక మొదట కొనవలసినది చేతి దుర్భిణి. తెరపై దూరం అంచనా వేయడం కష్టం కాబట్టి లేజరు దూరమాపకం కూడా అవసరం. సెకనుకు 9 బొమ్మలు మాత్రమే చూపే చౌక థర్మల్ పరికరాలు పరుగెత్తే జంతువులకు పనికిరావు.

చట్టాలు

రాత్రివేట, పరికరాల నియమాలు అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. టెక్సస్‌లో చదువుకుంటున్న లేక ఉద్యోగం చేస్తున్న తెలుగువారు తెలుసుకోదగిన విషయం ఒకటి ఉన్నది. విద్యార్థి, ఉద్యోగ వీసాల వంటి తాత్కాలిక వీసాలపై వచ్చినవారు తుపాకి కలిగి ఉండటాన్ని అమెరికా కేంద్ర చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి ఇందులో మినహాయింపు ఉన్నది. అందువలన పందుల వేటకు రాష్ట్రం లైసెన్సు అడగకపోయినా వీరికి అది తప్పనిసరి. అలాగే మూడవ తరం నైట్ విజన్ పరికరాలను లైసెన్సు లేకుండా అమెరికా నుండి బయటకు తీసుకుపోవడం నేరం.

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిపంది వేట నిషిద్ధం. పంటలకు ప్రమాదకరంగా మారిన జంతువును చంపడానికి రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి వ్రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వేరుశనగ, మొక్కజొన్న రైతులకు పందుల బెడద తీవ్రమే. చేతిలో పరికరం ఉన్నంత మాత్రాన ఎవరికీ కాల్చే హక్కు రాదు. కానీ మంచె మీద కాపలా ఉండే రైతు తుపాకి లేకుండా, మంద వస్తున్నదని ముందుగా చూసి తరమడానికి చేతి థర్మల్ దుర్భిణి పనికివస్తుంది. చేను చుట్టూ దొంగచాటుగా పెట్టే విద్యుత్ తీగలకు మనుషులు, పశువులు, పులులు కూడా బలైన సంఘటనలు ఈ రాష్ట్రాలలో ఉన్నాయి.