వార్తల్లో పదం: డార్క్ ఫ్రేమ్

కెమెరా లెన్స్‌కు మూత పెట్టి తీసే నల్లని ఫొటోనే డార్క్ ఫ్రేమ్. నక్షత్రాల ఫొటోలు తీసేవారికి ఇది ఎంతో కీలకం.

రాత్రి ఆకాశాన్ని తీసేటప్పుడు షట్టర్‌ను చాలాసేపు తెరిచి ఉంచాలి. వెలుతురు పడకున్నా వేడివల్ల సెన్సర్‌లో ఎలక్ట్రాన్లు పుడుతూనే ఉంటాయి. ఫొటోను పెద్దది చేసి చూస్తే ఎరుపు, నీలం, ఆకుపచ్చ చుక్కలు నక్షత్రాల్లా మోసం చేస్తాయి. అవే హాట్ పిక్సెళ్లు.

అదే ఐఎస్‌వో, అదే ఎక్స్‌పోజర్, అదే ఉష్ణోగ్రతలో మూత పెట్టి తీస్తే ఆ చుక్కలు మళ్లీ అక్కడే పడతాయి. అసలు ఫొటోలోంచి ఈ డార్క్ ఫ్రేమ్‌ను తీసివేస్తే అవి పోతాయి. కెమెరాలోని లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ చేసే పనీ ఇదే. అందుకే 30 సెకన్ల ఫొటో తీశాక ఇంకో 30 సెకన్లు ఆగాల్సి వస్తుంది. నక్షత్రాల జాడలు తీసేవారు మాత్రం దీన్ని ఆపేయాలి, లేదంటే గీతలు మధ్యలో తెగిపోతాయి.

ఒక క్రమం లేకుండా వచ్చే నాయిస్‌కు మందు వేరు. ఒకే దృశ్యాన్ని 16 సార్లు తీసి సగటు కడితే అది నాలుగో వంతుకు తగ్గుతుంది.

2025 జూన్‌లో తొలి చిత్రాలు విడుదల చేసిన చిలీలోని వెరా రూబిన్ అబ్జర్వేటరీ, వేడివల్ల పుట్టే ఎలక్ట్రాన్లను తగ్గించేందుకు తన 3,200 మెగాపిక్సెళ్ల కెమెరా సెన్సర్లను దాదాపు మైనస్ 100 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరుస్తోంది. ఆ వసతి లేని మనకు, ముఖ్యంగా వేసవి రాత్రుల్లో, డార్క్ ఫ్రేములు తప్పనిసరి.