మట్టి పావురం కంటికి కనపడాలి కదా!

తుపాకీ ఆట అనగానే మన ఆడవాళ్లలో చాలామంది "మనకెందుకులే తల్లీ!" అని పేజీ తిప్పేస్తారు. ఒక్క నిమిషం ఆగండి. ఈ ఆటలో ప్రాణం తీసేది ఏమీ లేదు. గాల్లో ఎగిరేది బోర్లించిన సాసరు లాంటి చిన్న బిళ్ల. పరుగెత్తే ఆ బిళ్లను షాట్‌గన్‌తో పగలగొట్టాలి. అంతే ఆట. అయితే ఆ బిళ్లను ఎగరేసేవాళ్లు అందరికీ ఒకేలా, కంటికి ఆనేలా ఎగరేశారా లేదా అన్నది ఆటకంటే పెద్ద సంగతి. ఎందుకంటే ఒలింపిక్స్‌లో కూడా ఆడవాళ్ల పతకాలు ఈ "కనపడటం" దగ్గరే తారుమారయ్యాయి.

పేరులోనే పావురం

దీన్ని "క్లే పిజియన్" షూటింగ్ అంటారు. అంటే మట్టి పావురం. ఒకప్పుడు నిజం పావురాలనే ఎగరేసి కాల్చేవాళ్లు. 1900లో పారిస్ ఒలింపిక్స్‌లో కూడా బతికున్న పావురాలను కాల్చారంటే నమ్ముతారా? పావురాలకు బదులు గాజు బంతులు వచ్చాయి. 1880లో అమెరికాలోని సిన్సినాటి ఊరివాడు జార్జ్ లిగోస్కీ మట్టి బిళ్లకు పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటి బిళ్లల్లో మట్టి కూడా లేదు. సున్నపురాయి పొడి, తారు లాంటి పిచ్ కలిపి అచ్చు పోస్తారు. పేరులో మాత్రం పావురం మిగిలిపోయింది.

మన నెల్లూరు వైపు వాళ్లకి ఈ మార్పు విలువ ఇట్టే తెలుస్తుంది. నేలపట్టు చెట్ల మీద గూళ్లు కట్టుకునే గూడబాతులను, పులికాట్‌లో దిగే రాజహంసలను చూడటానికి పిల్లల్ని వెంటబెట్టుకుని పోయేవాళ్లం మనం. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నేలపట్టు తిరుపతి జిల్లాలోకి పోయినా, మనకు ఆ పిట్టలు మన పిట్టలే. వాటి మీదకు తుపాకీ ఎత్తటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడాను.

అందరికీ ఒకటే వాటా

ఒలింపిక్స్ బిళ్ల అడ్డం కొలత 110 మిల్లీమీటర్లు. బరువు 105 గ్రాములు, అటూ ఇటూ 5 గ్రాములు. "ట్రాప్" అనే పోటీలో ఆటగత్తె ముందు నేలలో ఒక గొయ్యి ఉంటుంది. అందులో 15 యంత్రాలు. ఆమె గొంతెత్తి పిలవగానే మైకు ఆ శబ్దం అందుకుంటుంది, ఏదో ఒక యంత్రం బిళ్లను విసురుతుంది. అది 76 మీటర్ల దూరం పోయేంత వేగంతో దూసుకుపోతుంది. ఎడమకో, కుడికో, నేరుగానో ముందే తెలియదు. గురిపెట్టి కాల్చటమంతా ఇంచుమించు ఒక్క సెకనులో అయిపోవాలి.

ఈ సంగతి చెబుతుంటే, మా పక్కింటి అమ్మాయి వెంటనే అడిగింది. డిగ్రీ చదువుతోంది, ఎన్.సి.సి.లో రైఫిల్ పట్టిన పిల్ల.

"ఏందక్కా, ఒకరికి కష్టమైనవీ ఇంకొకరికి సులువైనవీ వస్తే ఎట్ట? అదృష్టం ఉన్నోళ్లే గెలుస్తారు గదా!"

బాగా అడిగింది. దానికి జవాబు నిబంధనల్లోనే ఉంది. ఒక రౌండులో ఒక్కొక్కరికి 25 బిళ్లలు. వాటిలో ఎడమవైపు 10, కుడివైపు 10, నేరుగా 5. ఇది అందరికీ సమానం. ఏది ఎప్పుడు వస్తుందో తెలియదు గానీ, రౌండు ముగిసేసరికి ఎవరి వాటా ఎంతో లెక్క సరిపోతుంది. పక్కకు పోయే కోణం 45 డిగ్రీలు దాటకూడదు. గొయ్యికి 10 మీటర్ల ముందు బిళ్ల ఎత్తు మీటరున్నర నుంచి మూడున్నర మీటర్ల లోపు ఉండాలి. పోటీకి ముందు యంత్రాలను సరిచేసి, జ్యూరీ చూసి ఒప్పుకోవాలి. బిళ్ల పగిలిపోయి వచ్చినా, దారి తప్పినా రిఫరీ దాన్ని లెక్కలోంచి తీసేసి ఇంకొకటి ఇప్పిస్తారు.

పండక్కి పిల్లలందరికీ అరిసెలు పంచినట్టన్నమాట. ముందు ఎవరి చేతికి వచ్చిందన్నది కాదు, చివరికి అందరికీ అన్నే వచ్చాయా అన్నది చూసుకోవాలి.

కష్టం వేరు, కనపడకపోవటం వేరు

"స్పోర్టింగ్" అనే ఇంకో రకం పోటీ ఉంది. ఒలింపిక్స్‌లో లేదు గానీ, చాలా దేశాల్లో ఆడతారు. దానికి కొలతలు గీసిన మైదానం ఉండదు. చెట్లూ గుట్టలూ ఉన్న చోట ఒక మనిషి నడిచి చూసి, బిళ్ల ఎక్కడినుంచి లేవాలి, ఎటు పోవాలి, ఎంతసేపు కనపడాలి అన్నది నిర్ణయిస్తారు. బిళ్లల్లోనూ రకాలున్నాయి. మామూలుది 110 మిల్లీమీటర్లు, మిడి 90, మినీ 60. పలచగా ఉండి పక్కకు తిరిగితేనే కంటికి ఆనే బిళ్ల ఒకటి, కుందేలులా నేల మీద దొర్లేది ఇంకొకటి.

పోటీ ఏర్పాటు చేసే ఆ మనిషి చేతిలోనే ఆట న్యాయం అంతా ఉంది. బిళ్ల దూరంగా పోనివ్వండి, వేగంగా పోనివ్వండి, మెలిక తిరగనివ్వండి. అదంతా కష్టం. కష్టం పెట్టటం తప్పు కాదు, నేర్పు ఉన్నవాళ్లు తేలేది దాంట్లోనే. నల్లబిళ్లను చీకటి చెట్ల మీదుగా ఎగరేస్తే మాత్రం అది కష్టం కిందికి రాదు. ఆటగత్తె నేర్పుతో దానికి పనే లేదు. మన పిల్లల పరీక్షలో ప్రశ్న కఠినంగా ఇస్తే చదివినవాళ్లు రాస్తారు. ప్రశ్నపత్రమే మసగ్గా అచ్చయితే ఎంత చదివినవాళ్లయినా ఏం రాస్తారు?

అందుకే రంగు సంగతి చాలా ముఖ్యం. అంతర్జాతీయ షూటింగ్ క్రీడల సమాఖ్య నిబంధనల్లో నలుపు, తెలుపు, పసుపు, నారింజ రంగు బిళ్లలకు చోటుంది. ఏ రంగు వాడినా వెనకున్న దృశ్యం మీద స్పష్టంగా కనపడాలన్నది షరతు. ముదురు పచ్చటి చెట్లు వెనక ఉంటే నారింజ రంగు మెరుస్తుంది. తెల్లటి ఆకాశం మీద నలుపు బాగా తేలుతుంది. ఎర్ర చీర మీద ఎర్ర పూలు కుడితే అల్లిక ఎవరికి కనపడుతుంది చెప్పండి!

మన తీరంలో రేంజి కట్టాలంటే...

సరదాకి ఒక ఊహ చేద్దాం. మన మైపాడు వైపు ఎక్కడో ఒక రేంజి కడతామనుకుందాం. ఎటు ముఖం పెట్టాలి? సముద్రం ఖాళీగా ఉంది కదా, అటే కాల్చుకుంటే పోలా అనిపిస్తుంది. కానీ మనకు సముద్రం తూర్పున. పొద్దున పోటీ పెడితే సూర్యుడు సూటిగా కళ్లలోకి కొడతాడు. నీళ్ల మీద తళతళ వేరే. పొద్దున కాల్చినవాళ్లు కళ్లు చికిలించుకోవాలి, సాయంత్రం కాల్చినవాళ్లు హాయిగా కాల్చుకోవచ్చు. ఇదేం న్యాయం?

అందుకే మన ఉత్తరార్ధగోళంలో కొత్తగా కట్టే షాట్‌గన్ రేంజిలు ఉత్తరానికో, ఈశాన్యానికో ముఖం పెట్టాలని నిబంధనలు చెబుతాయి. వీలైనంతసేపు సూర్యుడు ఆటగత్తె వెనకే ఉండాలని.

మరి గాలో? మన తీరంలో మధ్యాహ్నం తిరిగేసరికి సముద్రం మీదనుంచి గాలి లేస్తుంది. ఉత్తరానికి తిరిగి నిలబడితే అది కుడిచేతి వైపునుంచి కొడుతుంది. కుడికి పోయే బిళ్ల గాలికి ఎదురుపోయి పైకి లేస్తుంది. ఎడమకు పోయేది గాలి వాలుకు కిందికి అణుగుతుంది. పొద్దున గాలి లేనప్పుడు కాల్చినవాళ్లకు ఈ బాధ లేదు. పోటీ రెండు రోజులు నడిపి, రెండోరోజు బృందాల వరస మారిస్తే ఈ తేడా కొంత సర్దుకుంటుంది. ఎండనూ గాలినీ ఎవరూ ఆపలేరు. అవి ఒకరి నెత్తినే పడకుండా చూడటం మాత్రం మనుషుల చేతిలో పనే.

ఇంకొక మాట. తూటాలో ఉండేవి సీసపు గుళ్లు. అవి నీళ్లలో పడితే బాతులు గులకరాళ్లనుకుని మింగి చచ్చిపోతాయి. యూరోపియన్ యూనియన్ 2023 ఫిబ్రవరి నుంచి చిత్తడి నేలల దగ్గర సీసపు గుళ్లు వాడకూడదంది. పావురాలను కాపాడటానికి బిళ్లలు తెచ్చి, బాతులను చంపుకుంటే ఏం లాభం? కాబట్టి మన చెరువులకూ కయ్యలకూ దూరంగా ఉన్న మెట్టనేలలోనే రేంజి ఉండాలి.

తగిలినా తగల్లేదంటే?

బిళ్ల ఆటగత్తెకు కనపడితే సరిపోదు. తగిలిందా లేదా అన్నది రిఫరీకీ కనపడాలి. నిబంధన ఏమిటంటే, బిళ్లనుంచి కంటికి కనపడే ముక్క ఒక్కటైనా ఊడిపడాలి. ఊరికే దుమ్ము లేస్తే తగలనట్టే లెక్క. ఫైనల్స్‌లో రంగుపొడి నింపిన బిళ్లలు వాడతారు. తగలగానే హోళీలాగా గుప్పున రంగు లేస్తుంది.

ఇంత చేసినా 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ ఆడవాళ్ల స్కీట్ ఫైనల్లో పెద్ద రగడ జరిగింది. స్కీట్ అంటే ఎదురెదురుగా ఉన్న రెండు గూళ్లనుంచి బిళ్లలు ఒకదానికొకటి అడ్డంగా వచ్చే పోటీ. బ్రిటన్‌కు చెందిన అంబర్ రట్టర్, చిలీకి చెందిన ఫ్రాన్సిస్కా క్రొవెట్టో సమానంగా నిలిచారు. తేల్చటానికి అదనంగా కాల్పించినప్పుడు అంబర్ కాల్చిన ఒక బిళ్ల తగల్లేదన్నారు రిఫరీలు. ఆమె అభ్యంతరం చెప్పినా మార్చలేదు. టీవీలో మళ్లీ వేసి చూపిస్తే బిళ్లకు గుళ్లు తగిలినట్టే ఉంది! వీడియో చూసి తీర్పు సరిచేసే ఏర్పాటు అక్కడ లేదు. బంగారం క్రొవెట్టోకు, వెండి అంబర్‌కు.

అంబర్ అప్పటికి మూడునెలల పసిబిడ్డ తల్లి. బాలింత పథ్యాలు ముగిసీ ముగియకముందే ఒలింపిక్స్ బరిలో నిలబడిన మనిషి. గెలిచిన క్రొవెట్టో తప్పు ఇందులో ఏమీ లేదు, ఆమె నేర్పూ తక్కువది కాదు. కానీ క్రికెట్‌లో ఒక్క రనౌట్‌కు నాలుగు కెమెరాలు తిప్పి చూసే ఈ రోజుల్లో, ఒక తల్లి నాలుగేళ్ల కష్టాన్ని కంటిచూపు మీద మాత్రమే తేల్చటం ఏం బాగుంది?

అసలు బరిలోకే రానివ్వకపోతే?

ఇంతకంటే పెద్ద అన్యాయం ఇంకొకటుంది. 1968 నుంచి 1992 దాకా ఒలింపిక్స్ స్కీట్‌లో ఆడా మగా కలిసే పోటీపడేవాళ్లు. 1992 బార్సిలోనాలో చైనా అమ్మాయి జాంగ్ షాన్ మగవాళ్లందర్నీ దాటి బంగారం గెలిచింది. ఫైనల్‌కు ముందు 200 బిళ్లలకు 200 కొట్టింది. మొత్తం 225కు 223! ఒలింపిక్స్‌లో ఆడా మగా కలిసిన షూటింగ్ పోటీలో బంగారం గెలిచిన మొదటి స్త్రీ ఆమే.

మరి 1996 అట్లాంటాలో? స్కీట్ మగవాళ్లకు మాత్రమే. ఆడవాళ్లకు విడిగా కూడా పెట్టలేదు. గెలిచిన మనిషికి తన పతకాన్ని నిలబెట్టుకునే దారే లేకుండా పోయింది. 2000లో సిడ్నీలో గానీ ఆడవాళ్లకు స్కీట్ రాలేదు.

ఆ తర్వాత కూడా మగవాళ్లకు 125 బిళ్లలైతే ఆడవాళ్లకు 75 మాత్రమే ఇచ్చేవాళ్లు. ఆడవాళ్లు అలసిపోతారని కాబోలు! 2018 నుంచి ఇద్దరికీ 125 చేశారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో స్లొవేకియాకు చెందిన జుజానా రెహాక్ స్టెఫెచెకోవా ట్రాప్ అర్హత పోటీలో 125కు 125 కొట్టి జవాబు చెప్పేసింది. బంగారం కూడా ఆమెదే.

మన అమ్మాయిల మాట

ట్రాప్‌లో ఒలింపిక్స్‌కు వెళ్లిన తొలి భారతీయ మహిళ షగున్ చౌదరి, 2012 లండన్‌లో. భోపాల్ దగ్గరి మనీషా కీర్ కథ మన తీరం వాళ్లు వినాల్సింది. ఆమె తండ్రి చేపలు పట్టి అమ్ముకునే మనిషి. రాష్ట్ర అకాడమీలో చేరి, 2018లో జూనియర్ ప్రపంచ పోటీల్లో వెండి తెచ్చింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ట్రాప్ జట్టుతో కలిసి మరో వెండి. మన తెలుగునేల మీద హైదరాబాద్ గచ్చిబౌలిలో, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో షూటింగ్ రేంజి ఉంది. హైదరాబాద్‌కు చెందిన రష్మీ రాథోడ్ స్కీట్‌లో 2018 జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లింది. ఆ ఊరి కైనన్ చెనాయ్ హాంగ్‌జౌలో ట్రాప్ జట్టుతో బంగారం, విడిగా కంచు గెలిచాడు.

ఖర్చు ఎక్కువే. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు కావాలి, తూటాల ధర తక్కువేం కాదు. అందుకే అకాడమీల అండ లేనిదే మనలాంటి ఇళ్ల పిల్లలకు అందదు. కానీ మొదటి పాఠం ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా చేయొచ్చు. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతుల మధ్య చిన్న సందు వదలండి. రెండు కళ్లూ తెరిచి ఆ సందులోంచి దూరంగా ఉన్న కొబ్బరిచెట్టు మొవ్వును చూడండి. ఇప్పుడు ఒక్కొక్క కన్నే మూయండి. ఏ కన్ను తెరిచి ఉంటే మొవ్వు సందులోనే నిలుస్తుందో అదే మీ పెద్ద కన్ను. తుపాకీ ఏ భుజానికి ఆనించాలో షూటర్లు తేల్చుకునేది ఇలాగే.

మా పక్కింటి అమ్మాయి ఈ పరీక్ష చేసుకుని, తనది ఎడమకన్ను అని తేలాక ఒకటే నవ్వు. "ఇన్నాళ్లూ కుడిభుజం మీద పెట్టి కాల్చా గదక్కా!" అంది.

మీ పిల్ల ఏ పోటీకి వెళ్లినా, అది ఆటైనా, పాటైనా, పరీక్షైనా, ఎంత కష్టంగా ఉందని మాత్రమే అడగకండి. అందరికీ వాటా ఒకటేనా? కొట్టాల్సింది కంటికి ఆనేలా పెట్టారా? కొట్టింది కొట్టినట్టు చూసేవాళ్లున్నారా? తప్పు జరిగితే మళ్లీ చూడమని అడిగే వీలుందా? ఈ నాలుగూ అడగండి. అడగటం నేర్పండి కూడా. జాంగ్ షాన్‌కు దక్కని న్యాయం ఆ తర్వాతి అమ్మాయిలకు దక్కిందంటే, మధ్యలో ఎవరో ఒకరు అడగబట్టే కదా!