మీకు తెలుసా? గళగండమును తగ్గించిన ఉప్పు

కంఠమునకు ముందుభాగమున సీతాకోకచిలుక ఆకృతిలో నొదిగియుండు థైరాయిడ్ గ్రంథి, దేహోష్ణమును, హృదయగతిని, శిశువుల మేధావికాసమును ప్రభావితము చేయు థైరాక్సిన్ అను హార్మోనును నిర్మించుటకు అయొడిన్‌పైననే ఆధారపడియున్నదనియు, ఆ హార్మోను అణువొక్కొక్కదానియందు నాలుగేసి అయొడిన్ పరమాణువు లుండుననియు మీకు తెలుసా? వయోజనులకు దినమునకు కావలసినది 150 మైక్రోగ్రాములు మాత్రమే. అయినను ఆ లేశమే చిరకాలము కొరవడినచో గ్రంథి ఉబ్బి గళగండమగును.

వర్షములును హిమనదములును యుగయుగములుగా నేలలోని అయొడిన్‌ను కడిగివేయుటచే హిమాలయసానువులలో ఈ వ్యాధి తరతరములుగా పాతుకొనియుండెను. శ్రీకాకుళమున జన్మించిన వైద్యశాస్త్రజ్ఞుడు వులిమిరి రామలింగస్వామియు ఆయన సహచరులును 1956లో కాంగ్రా లోయను మూడు మండలములుగా విభజించి, రెండింటికి అయొడిన్ చేర్చిన ఉప్పును, మిగిలినదానికి సాధారణ లవణమును అందజేయింపగా, కొన్ని యేండ్లకే ఆ రెండింట గళగండము గణనీయముగా తగ్గినది. మందు కాదు, మాత్ర కాదు. పప్పులో వేసికొను ఉప్పే! 1962లో జాతీయ గళగండ నియంత్రణ కార్యక్రమ మారంభమగుటకు ఈ పరిశీలన ముఖ్యమైన బలమైనది.

సముద్రమునుండి వచ్చినదే గదా యని కల్లుప్పునే నమ్ముకొనువారు నేటికిని కలరు. కాని సాగరజలము నెండబెట్టి తీసిన ఉప్పున సహజముగా మిగులు అయొడిన్ అత్యల్పము. చేపలు, పాలు, గ్రుడ్లు కొంత తోడ్పడును. అయొడిన్ చేర్చిన ఉప్పునైనను తేమ తగులనీయక మూతగల జాడీలో నుంచుటయు, కూర దించునపుడు చేర్చుటయు మేలు. ఇది మంచిదని మోతాదు పెంచిన రక్తపోటు పెరుగును.